మాత్ర నన్ను వదలదా, డాక్టరుగారూ?

ప్రశ్న: నా వయసు 52. ఆరేళ్ల కిందట మావారు పోయినప్పుడు నిద్ర పట్టక డాక్టరు దగ్గరికి వెళితే రాత్రిపూట ఆల్‌ప్రజోలామ్ 0.5 మిల్లీగ్రాముల మాత్ర రాశారు. పది రోజులకని రాసిన మాత్రను పాత చీటీ చూపించి తెచ్చుకుంటూ ఆరేళ్లు వాడాను. రెండేళ్లుగా సాయంత్రం ఐదు దాటితే చాలు, గుండెదడ, అరచేతుల్లో చెమట. అందుకని ఆ వేళకి ఒక అరముక్క కూడా వేసుకుంటున్నాను. మొన్న మా అబ్బాయి స్ట్రిప్పులన్నీ దాచేశాడు. మూడు రాత్రులు కన్ను మూతపడలేదు. గ్లాసు పట్టుకుంటే నీళ్లు తొణికిపోయాయి. గోడగడియారం చప్పుడు చెవిలో సుత్తితో కొట్టినట్టు ఉంది. నాలుగో రోజు వాడే భయపడి మాత్ర ఇచ్చాడు. గంటలో సర్దుకుంది. అలా సర్దుకోవడమే నాకు సిగ్గుగా ఉంది. నేను మత్తుకు బానిసనయ్యానా? ఇది మానగలనా?
– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం పత్రికలో వచ్చేదాకా ఆగేది కాదు. అందుకే అందిన రోజే ఫోన్ చేశాను. డాక్టరును కలిసేదాకా రోజూ వేసుకునేది అదే మోతాదులో, అదే వేళకు వేసుకోమని చెప్పాను. మీ అనుమతితో మిగతాది ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఇలాంటి ఉత్తరాలు నాకు నెలకు నాలుగైదు వస్తాయి.

ముందు ఆ సిగ్గు సంగతి. వ్యసనం వేరు, శరీరం మందుకు అలవాటు పడటం వేరు. మత్తు కోసం వెంపర్లాడుతూ, బతుకు పాడవుతోందని తెలిసినా మోతాదు పెంచుకుంటూ పోతే దాన్ని వ్యసనం అంటాం. మీరు ఆరేళ్లుగా నిద్ర కోసం వేసుకున్నారు. సాయంత్రపు అరముక్కను మీ అంతట మీరే కలుపుకున్నారు, అది తప్పే. డాక్టరుకు దాచకుండా చెప్పండి. అంతమాత్రాన మీరు మత్తుకు బానిస అని నేను అనను. ఈ మందు ఎన్నో వారాలు రోజూ వేసుకుంటే ఎంత నిష్ఠ గల మనిషికైనా శరీరం అలవాటు పడవచ్చు.

ఎలాగంటే, మెదడులో ఉద్రేకాన్ని అణచే రసాయనం గాబా. ఈ మాత్ర గాబా పనికి బలం చేకూరుస్తుంది. రోజూ బయటి నుంచి బలం అందుతుంటే మెదడు తన సొంత బ్రేకును వదులు చేసుకుంటుంది. మాత్ర ఒక్కసారిగా ఆగిందనుకోండి, బయటి బలం పోయింది, లోపలి బ్రేకు ఇంకా బిగుసుకోలేదు. మీ చేతిలో నీళ్లు తొణికింది అందుకే. గడియారం చప్పుడు సుత్తిలా వినిపించిందీ అందుకే. ఆ వాక్యం చదివినప్పుడు నాకు నిజంగా భయం వేసింది. హఠాత్తుగా ఆపితే మొదటి కొద్దిరోజుల్లోనే ఫిట్స్ రావచ్చు, ఒక్కోసారి ప్రాణం మీదికి రావచ్చు. మీకు అంతదాకా పోలేదు.

ఇక సాయంత్రం గుండెదడ. అది మీ మనసు బలహీనత అనుకుని రెండేళ్లు బాధపడ్డారు కదా. ఒక్క లెక్క చూడండి. ఆల్‌ప్రజోలామ్ సుమారు 11 గంటల్లో ఒంట్లో సగానికి తగ్గుతుంది. రాత్రి పదింటికి వేసుకుంటే పొద్దున తొమ్మిదికి సగం. సాయంత్రం ఐదింటికి మూడోవంతు కూడా మిగలదు. శరీరం తర్వాతి మాత్ర కోసం ఎదురుచూస్తోంది. రోగం తిరగబెట్టిందనుకుని మీరు అరముక్క వేశారు. ఆ అరముక్కతో అలవాటు ఇంకొంచెం ముదిరింది. ఈ సంగతి చెప్పగానే నా దగ్గరికి వచ్చిన ఎందరో కన్నీళ్లు పెట్టుకున్నారు, తమ తప్పు కాదని తెలిసినందుకు.

ఇందులో మా డాక్టర్ల బాధ్యత తక్కువేమీ కాదు. ఈ జాతి మందుల్లో మొదటిది 1960లో, డయాజెపామ్ 1963లో అమ్మకానికి వచ్చాయి. వీటిని రెండు నుంచి నాలుగు వారాలకు మించి రాయవద్దని బ్రిటన్ మందుల భద్రతా కమిటీ 1988లోనే డాక్టర్లకు చెప్పింది. అలవాటు గురించి, ఆపినప్పుడు వచ్చే ప్రమాదం గురించి పెట్టె మీద గట్టి హెచ్చరిక ఉండాలని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2020లో ఆదేశించింది. ప్రాక్టీసు కొత్తలో నేను కూడా 'నెల తర్వాత రండి' అని రాసి ఇచ్చి, రాని వాళ్ల గురించి ఆలోచించలేదు. ఆ రానివాళ్లలో మీలాంటి వారు ఎందరున్నారో అని ఇప్పుడు అనిపిస్తుంది.

మానగలరా? మానగలరు, మెల్లగా. మీ రోజు మొత్తం 0.75 మిల్లీగ్రాములు. ఒక్కో మెట్టుకు అప్పుడు వేసుకుంటున్న మోతాదులో ఐదు నుంచి పది శాతం, అదీ రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి తగ్గించాలి. అంత చిన్న కోత బ్లేడుతో అవదు. రిటైరైన టీచరుగారు ఒకరు కాగితం పరిచి, బ్లేడుతో మాత్రను నాలుగు ముక్కలు చేసి, రాలిన పొడిని వేలికి అద్దుకుని నాకు చూపించారు. ఏ రెండు ముక్కలూ ఒక్క తీరుగా లేవు. ఒక రోజు ఎక్కువ, ఒక రోజు తక్కువ. ఆయన నెలలపాటు అలా ఊగిసలాడి, తనకు పట్టుదల లేదని తనను తానే తిట్టుకున్నారు.

అందుకని చాలామందిని మేము మెల్లగా డయాజెపామ్‌కు మారుస్తాం. అది ఒంట్లో చాలాసేపు నిలుస్తుంది కాబట్టి సాయంత్రం ఆ లోటు రాదు. చిన్న మోతాదుల్లో దొరుకుతుంది. మీ 0.75కు రమారమి 15 మిల్లీగ్రాముల డయాజెపామ్ సమానం అనే లెక్క ఒకటుంది. అది ఉజ్జాయింపే, మీ కాలేయం, మీరు వాడే ఇతర మందులు చూసి మీ డాక్టరే తేల్చాలి. అక్కడి నుంచి 15, 14, 13... కానీ ఐదుకు వచ్చాక ఒక మిల్లీగ్రాము తగ్గిస్తే అది 20 శాతం కోత అవుతుంది, అప్పుడు అరకు, పావుకు దిగాలి. చాలామంది చివర్లో 'ఇంతేగా' అని ఒక్కసారిగా వదిలేసి అక్కడే పడిపోతారు. మందు మార్చిన కొత్తలో పగలు మగతగా ఉండవచ్చు, బండి నడపకండి.

ప్రతి కోత తర్వాత కొన్ని రాత్రులు బాగుండవు. అప్పుడు కొత్త కోత వద్దు, అదనపు ముక్కా వద్దు. ఉన్న మెట్టు మీదే నిలబడండి. ఇంట్లో పెద్ద కష్టమేదైనా వస్తే నెల ఆగినా ఫరవాలేదు. మొత్తానికి ఏడాది పట్టవచ్చు, ఇంకా ఎక్కువ కూడా పట్టవచ్చు. 65 ఏళ్లు దాటి, ఏళ్ల తరబడి ఈ మాత్రలు వాడిన వారికి ఇంటికి ఒక సమాచార పుస్తకం, మెల్లగా తగ్గించే పద్ధతి పంపి చూశారు కెనడాలో. 2014లో వచ్చిన ఆ ఫలితాల్లో, ఆర్నెల్లకు అది అందుకున్నవారిలో 27 శాతం పూర్తిగా మానేశారు, అందనివారిలో 5 శాతమే. మీరు వాళ్లకంటే చిన్నవారు.

ఇప్పుడు కొన్ని గట్టి మాటలు. మద్యం, ట్రామడాల్ వంటి నొప్పి మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గుమందు ఈ మాత్రతో కలవకూడదు, ఊపిరి మందగిస్తుంది. జోల్పిడెమ్ అనే నిద్రమాత్ర వేసుకోమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, అది కూడా ఆ గాబా మీదే పనిచేస్తుంది. ఫిట్స్ వచ్చినా, లేనివి కనిపించినా, తికమకగా మాట్లాడినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

నిద్రకు వేరే దారి ఉంది, కోత మొదలవక ముందే పట్టుకోండి. రాత్రి ఎలా గడిచినా రోజూ ఒకే వేళకు లేవండి. ఇరవై నిమిషాలకు పైగా మెలకువగా ఉన్నారనిపిస్తే మంచం దిగి మరో చోట కూర్చోండి, నిద్ర ముంచుకొస్తేనే మంచం ఎక్కండి. ఆ గోడగడియారాన్ని పడకగది నుంచి తీసేయండి. రెండు మూడు వారాలు ఇంకా అధ్వాన్నంగా అనిపించవచ్చు, తర్వాత దారికి వస్తుంది. ఇది మనస్తత్వ నిపుణుల దగ్గర నేర్చుకుంటే మరీ మంచిది.

మీ అబ్బాయికి ఒక మాట. నాన్నా, అమ్మ మీద ప్రేమతోనే చేశావు, నాకు తెలుసు. కానీ దాచేయడం సాయం కాదు. డాక్టరు రాసిన వారం మాత్రల్ని అమ్మతో మాట్లాడుకుని, ఇద్దరూ కూర్చుని ఒక్కో రోజుకు విడివిడిగా పెట్టండి. తేదీ, మోతాదు, రాత్రి ఎలా గడిచిందో ఒక నోటుబుక్కులో రాయండి. అమ్మ రాయలేనన్న రోజు నువ్వు రాయి. 'ఇంకా మానలేదా' అని మాత్రం ఒక్కసారి కూడా అడగకు.

అమ్మా, డాక్టరు దగ్గరికి పాత చీటీ, సాయంత్రపు అరముక్క సంగతి, వాడే మిగతా మందులన్నీ తీసుకెళ్లండి. మొదటి కోత అయ్యాక మూడో రాత్రి ఎలా ఉందో నాకు రాయండి, ఎదురుచూస్తుంటాను.