గుంపును గీసేటప్పుడు

చిరంజీవికి ఆశీస్సులు.

సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం గంట కొట్టే వేళ జనం తోపులాట మీద నువ్వు రాసిన వ్యంగ్యం చదివాను. వాక్యం చురుగ్గా నడిచింది. కానీ ఆ జనమంతా నీకు ఒకే మనిషిలా, అదీ తెలివితక్కువ మనిషిలా కనిపించారు. నాకు పేచీ అక్కడే.

1816లో లండన్‌లో అచ్చయిన రెండు వ్యంగ్య బొమ్మలు వెతికి చూడు. ఒకటి థామస్ రోలాండ్‌సన్‌ది, రెండోది జార్జ్ క్రూక్‌షాంక్‌ది. వాటర్లూ యుద్ధంలో ఓడిన ఫ్రెంచి చక్రవర్తి నెపోలియన్ బండి ప్రష్యన్ సైనికులకు చిక్కింది. లండన్‌లో మ్యూజియం నడిపే విలియం బుల్లక్ దాన్ని 2,500 పౌండ్లకు కొని పికడిల్లీలో ప్రదర్శనకు పెట్టాడు. చెయ్యి పోగొట్టుకున్న బండివాణ్ణి కూడా పక్కనే నిలబెట్టాడు. జనం విరగబడ్డారు. బొమ్మల్లో వాళ్ళు బండి మీదికి ఎగబాకుతున్నారు, లోపల దూరుతున్నారు. చూడగానే నవ్వొస్తుంది. అయితే అది ఏళ్ళ తరబడి నెపోలియన్ దండెత్తి వస్తాడని వణికిన ఊరు. పిల్లలు మాట వినకపోతే తల్లులు ఆ పేరే చెప్పి భయపెట్టేవారు. అతని సీటులో కూర్చుంటే ఆ భయం తీరినట్టు. ఆ బొమ్మల్లో నాకు నచ్చింది ఈ ఆత్రమే.

లండన్ టవర్ అనే పాత కోట సంగతి ఇంకా లోతైనది. అక్కడ కొయ్య గుర్రాల మీద కవచాలు తొడిగిన రాజుల వరస ఉండేది. పిల్లలు కావాలని ఆడవాళ్ళు ఎనిమిదో హెన్రీ కవచం లోపలి గుడ్డకు గుండుసూదులు గుచ్చేవారని అప్పటి వాళ్ళు రాశారు. మనవాళ్ళు చెట్టుకు ముడుపు కట్టినట్టే. దీన్ని వెటకారం చెయ్యడం ఎవరికైనా చేతనవుతుంది. ఆ సూది పట్టుకున్న చెయ్యి గురించి రాయగలవా?

ఆ వరసలోనే 11వ శతాబ్దపు విలియం రాజుకు కొన్ని వందల ఏళ్ళ తర్వాతి కవచం తొడిగారు. 1820ల్లో కవచాల సంగతి తెలిసిన పండితుడు శామ్యూల్ మేరిక్ వచ్చి సరిదిద్దేదాకా జనం అదే నిజమనుకున్నారు. పైసలిచ్చి చూసినవాళ్ళకు చెప్పింది అదే మరి. నీ కలం పదును చూపించాల్సింది ఆ కవచం తొడిగించినవాళ్ళ మీద.

మళ్ళీ మ్యూజియంకి వెళ్ళు. గడియారానికి వీపు పెట్టి నిలబడు. ఒక్క ముఖాన్ని ఎంచుకుని, గంట మోగకముందు ఒకసారి, మోగాక ఒకసారి చూడు. మొదటి పేజీ పూర్తిగా కొట్టేసి అక్కణ్ణుంచి మొదలుపెట్టి రాసి పంపు. తొందరేమీ లేదు.