గ్రంథాలయ సెస్సు ఎక్కడ ఖర్చు కావాలి?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ప్రశ్న: మా పేటలోని శాఖా గ్రంథాలయం అద్దె ఇంట్లో రెండు గదుల్లో నడుస్తోంది. దినపత్రికలు తప్ప కొత్త పుస్తకం కంటబడి చాలా కాలమైంది. ఇటువంటి చిన్నవాటిని మూసివేసి, ఆ డబ్బుతో నగరం నడిబొడ్డున ఏసీ హాళ్ళు, కంప్యూటర్లు ఉన్న ఒకే పెద్ద గ్రంథాలయం కడితే మేలని మా కాలనీలో పలువురు అంటున్నారు. విశ్రాంత ఉపాధ్యాయుడినైన నాకు ఆ మాట మింగుడు పడటం లేదు గాని, కాదనడానికి తగిన కారణమూ తోచడం లేదు. మీరేమంటారు?
– ఒక పాఠకుడు, పొదలకూరు రోడ్డు, నెల్లూరు

జవాబు: మాష్టారూ, ముందు ఆ డబ్బు ఎవరిదో చూద్దాం. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద మన రాష్ట్రంలో ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతోంది. ఏడాదికి 3,000 రూపాయల ఇంటిపన్ను కట్టే కుటుంబం దానికి అదనంగా 240 రూపాయలు గ్రంథాలయాలకు ఇస్తోందన్నమాట. పంచాయతీలు, పురపాలక సంఘాలు వసూలు చేసిన ఈ సొమ్ము జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. మీ కాలనీవారూ, ఉదయగిరి కొండ కింద పల్లెలోని రైతూ ఒకే లెక్కన కట్టిన పన్ను అది. దాన్నంతా ఆ రైతు బిడ్డ అడుగుపెట్టలేని చోట ఒకే భవనం మీద ఖర్చు పెట్టడం నాకు న్యాయంగా తోచదు.

ఇక వాడేవారి సంగతి. శాఖా గ్రంథాలయానికి వచ్చేవారిలో బడిపిల్లలు, పెద్దవయసువారు ఎక్కువ. వంట ముగించుకుని పిల్లలు బడి నుంచి తిరిగి వచ్చేలోగా ఒక గంట చిక్కించుకోగల గృహిణులు, దగ్గరలో ఉంటేనే రాగలరు. ట్రంకు రోడ్డు దాటి ఒంటరిగా వెళ్ళమని పన్నెండేళ్ళ పిల్లను ఏ తల్లి పంపుతుంది? మన నెల్లూరు ఎండ సంగతి మీకు చెప్పనక్కరలేదు. గట్టి వాన కురిస్తే అండర్‌బ్రిడ్జిలలో నీళ్ళు నిలిచి నగరమే రెండుగా చీలిపోతుంది. నడిచి వెళ్ళగల దూరం దాటితే వీరిలో చాలామంది గ్రంథాలయానికి దూరమైనట్టే. నేను మొదట కథల పుస్తకం చేతబట్టింది కూడా అటువంటి రెండు గదుల గ్రంథాలయంలోనే గనుక, ఈ విషయంలో నాకు పక్షపాతం ఉందని ఒప్పుకుంటాను.

అయితే మీ కాలనీవారి ఫిర్యాదులో నిజం ఉంది. పత్రికలు మాత్రమే ఉన్న గదిని గ్రంథాలయం అనలేం. ఆ లోపం అది చిన్నది కావడం వల్ల వచ్చింది కాదు, దానికి పుస్తకాలు అందకపోవడం వల్ల వచ్చింది. అద్దె, కరెంటు బిల్లు, పత్రికల చందా తీరేసరికి చేతిలో ఏమీ మిగలని శాఖ సొంతంగా పుస్తకాలు కొనలేదు. జిల్లా కేంద్ర గ్రంథాలయం అసలు పని ఇక్కడే మొదలవుతుంది: పుస్తకాలను ఎంపిక చేసి కొనడం, సూచిక తయారు చేయడం, చినిగినవాటిని బైండింగు చేయించడం, పెట్టెల్లో సర్ది శాఖలకు పంపడం. నగరంలో పది శాఖలున్నాయనుకుందాం. రెండేసి వందల పుస్తకాల పెట్టెలు పది సిద్ధం చేసి, మూడు నెలలకొకసారి ఒక శాఖ నుంచి మరొక శాఖకు మారుస్తూ పోతే, కొన్నది 2,000 పుస్తకాలే అయినా ప్రతి శాఖలోనూ ఏడాదికి 800 కొత్త పుస్తకాలు కనబడతాయి. మొదటి పెట్టె తిరిగి రావడానికి రెండున్నరేళ్ళు పడుతుంది. ఒక ఆటో, ఒక అటెండరు ఉంటే సాగే పని ఇది. 1935లోనే గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లా పెదవడ్లపూడి నుంచి కాలువ మీద పడవలో పుస్తకాలు పంపి, గట్టు మీది పల్లెలవారి చేత చదివించారు.

భవనం కన్నా ఏటేటి నిర్వహణ ముఖ్యమని పెద్ద నగరాల అనుభవమూ చెబుతోంది. 1901లో అమెరికా ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ న్యూయార్కు నగరానికి 52 లక్షల డాలర్లు ఇచ్చింది పేటల్లోని శాఖా గ్రంథాలయాల కోసమే. స్థలమూ, ఏటా నడిపే ఖర్చూ నగరమే భరించాలని షరతు పెట్టారు. అక్కడి పెద్ద కేంద్ర గ్రంథాలయ భవనం 1911లో ప్రారంభమయ్యే నాటికి శాఖలు అనేకం తెరుచుకుని ఉన్నాయి.

ప్రశ్న: మాది ఉదయగిరి ప్రాంతం. నెల్లూరులో గది అద్దెకు తీసుకుని గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నాను. ఉదయం కొంతసేపు, సాయంత్రం కొంతసేపు తెరిచే చిన్న గ్రంథాలయం మాకు ఎందుకు పనికివస్తుంది? మాకు కావలసింది పెద్ద హాలు కాదా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: అమ్మా, మీ అవసరం నిజమైనదే. రోజుకు పది గంటలు కూర్చుని చదువుకోవడానికి బల్ల, వెలుతురు, మంచినీళ్ళు, ఆడపిల్లలకు శుభ్రమైన మరుగుదొడ్డి ఉన్న హాలు జిల్లా కేంద్రంలో ఉండి తీరాలి. ఇంటికి ఇవ్వని ఖరీదైన సంప్రదింపు గ్రంథాలు, పాత పత్రికల సంపుటాలు కూడా పది చోట్ల పెట్టలేం. 2010లో చెన్నై కొట్టూరుపురంలో తెరిచిన అన్నా శతజయంతి గ్రంథాలయం ఎంత మేలు చేస్తోందో అక్కడికి వెళ్ళివచ్చిన మనవారు చెబుతూనే ఉంటారు. అయితే 2011లోనే ఆ భవనాన్ని పిల్లల ఆసుపత్రిగా మార్చాలని అక్కడి ప్రభుత్వం నిర్ణయించింది. మద్రాసు హైకోర్టు అడ్డుపడింది గనుక అది నిలిచింది. ఉన్నదంతా ఒకేచోట పోగుచేస్తే ఒక్క ఉత్తరువుతో మొత్తానికే ముప్పు రావచ్చు.

అపురూపమైన సేకరణ నగరం నడిబొడ్డునే ఉండాలన్న నియమమూ లేదు. 1918లో వేటపాలెంలో వెలిసిన సారస్వత నికేతనాన్ని చూడండి. గాంధీజీ 1929లో శంకుస్థాపన చేసిన ఆ గ్రంథాలయం 2022 వరకు మన ప్రకాశం జిల్లాలోనిదే, ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. పాత తెలుగు పత్రికల కోసం పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో ఆ ఊరికి వెతుక్కుంటూ వస్తారు.

అందువల్ల ఉన్న కేంద్ర గ్రంథాలయంలో పఠన మందిరాన్ని పెంచి, వేళలు పొడిగించాలని మీరు అడగండి, మేమూ మీతో కలిసి అడుగుతాం. శాఖలను మూసి ఆ పని చేయాలని మాత్రం అడగవద్దు. మీరు వదిలివచ్చిన ఊళ్ళో మీ చెల్లెలి వయసు పిల్ల ఏదో ఒక శాఖ మీదే ఆధారపడి ఉంటుంది.

ప్రశ్న: మేము కట్టిన సెస్సు గ్రంథాలయానికి చేరిందో లేదో తెలుసుకునే మార్గం ఉందా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: ఉంది. సమాచార హక్కు చట్టం, 2005 కింద నగర పాలక సంస్థకు ఒకటి, జిల్లా గ్రంథాలయ సంస్థకు ఒకటి చొప్పున రెండు దరఖాస్తులు పెట్టండి. ఒక్కోదానికి రుసుము 10 రూపాయలు. గత మూడేళ్ళలో ఏటా ఎంత సెస్సు వసూలైంది, అందులో ఎంత జమ చేశారు అని మొదటివారిని, ఎంత ముట్టింది, మీ పేట శాఖ మీద పుస్తకాలకు ఎంత, అద్దెకు ఎంత ఖర్చు పెట్టారు అని రెండోవారిని అడగండి. 30 రోజుల్లోగా జవాబు ఇవ్వాలి. రెండు జవాబులలోని అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే సొమ్ము ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. ఆ నకళ్ళు మాకు కూడా పంపండి.