షేర్ చేయలేదా, షేర్ కాలేదా?

సందేహం: మా ఇంట్లో రెండు విండోస్ కంప్యూటర్లు, ఒక ప్రింటర్ ఉన్నాయి. ప్రింటర్ నా కంప్యూటర్‌కు తగిలించి ఉంటుంది. నాన్నగారు తన కంప్యూటర్ నుంచే ప్రింట్ తీసుకుంటారు. అది మొరాయించినప్పుడు ఏమేం చూసుకోవాలో ఆయన కోసం తెలుగులో రాసిపెడుతున్నాను. ‘ప్రింటర్ షేర్ చేయబడలేదు’, ‘షేర్ చేయలేదు’, ‘షేర్ కాలేదు’ – వీటిలో ఏది రాయాలి? ‘షేర్ చేయడం’ బదులు ‘పంచడం’ అనవచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: మొదటిది వదిలేయండి. మిగతా రెండూ మంచి తెలుగే, కానీ రెండింటికీ అర్థం ఒకటి కాదు. ఆ తేడా మీ పనికి చాలా అవసరం.

ఇంగ్లీషు మాటను మనం క్రియగా వాడాలంటే దాని పక్కన ‘చేయు’ గానీ ‘అవు’ గానీ చేరుస్తాం. ఆన్ చేశాను, ఆన్ అయింది. ‘చేయు’ వస్తే ఆ పని చేసేవారు ఒకరుంటారు. ‘అవు’ వస్తే పని జరిగిందా లేదా అన్నదే ముఖ్యం. ‘ప్రింటర్ షేర్ చేయలేదు’ అంటే ఎవరూ ఆ పనికి పూనుకోలేదు, ప్రింటర్ ప్రాపర్టీస్‌లో షేరింగ్ దగ్గర టిక్ పెట్టలేదు. టిక్ పెడితే సరి. ‘షేర్ కాలేదు’ అంటే టిక్ పెట్టినా ఫలితం లేదు. అప్పుడు వెతకాల్సింది వేరేచోట. మీ వైఫైని విండోస్ ‘పబ్లిక్ నెట్‌వర్క్’గా లెక్కేసుకుందేమో చూడాలి. అలా అనుకుంటే అది పక్క కంప్యూటర్లకు తన ఉనికే తెలియనివ్వదు. దాన్ని ‘ప్రైవేట్’కు మార్చి, నెట్‌వర్క్ డిస్కవరీ, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ రెండూ ఆన్‌లో ఉన్నాయో లేదో చూడాలి. మీ కంప్యూటర్ నిద్రలోకి జారుకున్నా నాన్నగారికి ప్రింట్ రాదు.

‘షేర్ చేయబడలేదు’లో ఈ తేడా చెరిగిపోతుంది. ఎవరూ చేయలేదా, చేసినా కాలేదా? ఆ వాక్యం చెప్పదు. కంప్యూటర్లు చూపించే తెలుగు సందేశాల్లో ఈ కర్మణి ప్రయోగం విపరీతంగా కనిపిస్తుంది, అది చూసి మనమూ అలవాటు పడుతున్నాం. అలాగని ‘బడు’ ఉన్న ప్రతి మాటనూ కొట్టేయకండి. కనబడు, వినబడు, నిలబడు అచ్చంగా మనం మాట్లాడే మాటలే.

మీరు అడగకపోయినా ఇంకో చిక్కు చెప్పాలి. ‘చేయలేదు’కు రెండర్థాలున్నాయి. ‘నాన్నగారి కంప్యూటర్ ఫోల్డర్‌ను ఓపెన్ చేయలేదు’ అని రాస్తే, ఓపెన్ చేయడం జరగలేదనా, చేసే శక్తి దానికి లేదనా? మగవారి విషయంలో ‘అతను చేయలేదు’, ‘అతను చేయలేడు’ అని రూపాలు విడిపోతాయి. ‘ఆమె’కూ ‘అది’కీ రెండుచోట్లా ‘చేయలేదు’ అనే వస్తుంది. కంప్యూటర్ ‘అది’ కాబట్టి, శక్తి లేదని చెప్పాల్సిన చోట ‘చేయలేకపోతోంది’ అని రాయండి.

అన్నిటికంటే ముఖ్యం, ‘రావట్లేదు’ అనే మాటతో సరిపెట్టకండి. ఇంట్లో అందరం అదే అంటాం, కానీ దానివల్ల సమస్య ఎక్కడుందో తెలియదు. ‘కంప్యూటర్ కనబడటం లేదు’ అంటే ముందు చెప్పిన నెట్‌వర్క్ సంగతి. లేదా ఒకరు గెస్ట్ వైఫైలో ఉండవచ్చు, అందులో ఉన్నవారిని ఇంట్లోని మిగతా కంప్యూటర్లతో కలవనివ్వని రౌటర్లు చాలా ఉన్నాయి. ‘కనబడుతోంది కానీ పాస్‌వర్డ్ అడుగుతోంది’ అంటే అక్కడ కొట్టాల్సింది మీ కంప్యూటర్‌లోని ఖాతా పేరు, దాని పాస్‌వర్డ్. స్క్రీన్ తెరవడానికి వాడే పిన్ కొడితే ఒప్పుకోదు, ఆ పిన్ ఆ ఒక్క కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడే చెల్లుతుంది. ‘తెరుచుకుంటోంది కానీ సేవ్ కావడం లేదు’ అంటే అనుమతుల సమస్య. ఫోల్డర్‌కు షేరింగ్ అనుమతి ఒకటి, సెక్యూరిటీ అనుమతి ఒకటి ఉంటాయి. నెట్‌వర్క్‌లో నుంచి వచ్చేవారికి ఆ రెండింటిలో ఏది బిగువైతే అదే వర్తిస్తుంది. పాత సూచనల్లో ‘హోమ్‌గ్రూప్‌లో చేరండి’ అని ఉంటే దాన్ని ఎత్తి రాయకండి. విండోస్ 7తో వచ్చిన ఆ సదుపాయాన్ని 2018లో విండోస్ 10 నుంచి తీసేశారు.

ఇక ‘పంచడం’. ఆస్తి పంచారు, ప్రసాదం పంచారు అంటాం. పంచిన వస్తువు ఇచ్చినవారి చేయి దాటిపోతుంది. ‘ఫైళ్లు పంచాను’ అంటే తలా ఒక కాపీ ఇచ్చారనుకుంటారు. షేర్ చేసిన ఫోల్డర్ ఉన్నచోటే ఉంటుంది, మిగతావారు వచ్చి వాడుకుంటారు. ‘పంచుకోవడం’ కొంత దగ్గరగా ఉంటుంది. అయితే ‘కొను’ చేరిన క్రియలో ఫలం కర్తకే చెందుతుంది, అందుకే ‘మేమిద్దరం ఒకే ప్రింటర్‌ను పంచుకుంటున్నాం’ బాగుంది. ఒక్కరే సెట్టింగ్ మార్చే పనికి ‘ప్రింటర్‌ను పంచుకోండి’ పొసగదు. అక్కడ ‘షేర్ చేయండి’ అనే రాయండి, నాన్నగారికి స్క్రీన్ మీద కనబడేదీ ఆ మాటే. పేరుగా వాడాల్సినచోట మాత్రం మనకు చక్కటి ‘ఉమ్మడి’ ఉంది. ఉమ్మడి గోడ, ఉమ్మడి బావి అన్నట్టే ఉమ్మడి ఫోల్డర్, ఉమ్మడి ప్రింటర్ అనవచ్చు.

‘షేర్ అవ్వలేదు’ అని రాయాలనిపిస్తే రాయండి. ‘కాలేదు’ గ్రంథాల్లో స్థిరపడిన రూపం, ‘అవ్వలేదు’ నోటిమాట. ఇంట్లోవారి కోసం రాసే కాగితంలో రెండోది తప్పేమీ కాదు.