ముందు చక్రం హోరు: బేరింగు ఒక్కటే మార్చాలా, హబ్బు కూడానా?

కారు 60 కిలోమీటర్ల వేగం దాటగానే ముందు ఎడమ చక్రం దగ్గర హోరు వస్తోందని, ఒక మెకానిక్కు టైరు అంటే మరొకరు బేరింగు (చక్రం తేలికగా తిరగడానికి రెండు రింగుల మధ్య గుండ్లు ఉన్న భాగం) అన్నారని, మార్చవలసి వస్తే హబ్బు (ఆ బేరింగులో తిరుగుతూ చక్రాన్ని మోసే భాగం) కూడా మార్చాలా అని మీరు అడిగారు. అనంతపురం నుంచి తాడిపత్రికి రోజూ తిరిగే నేను ఒకే చక్రానికి ఈ పని రెండుసార్లు చేయించవలసి వచ్చింది. రెండవసారి చేయించవలసిన అవసరమే లేదని తరువాత తెలిసింది కాబట్టి, కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందుగా రోగం ఎక్కడుందో తేల్చుకోండి. కుడివైపు మలుపు తిరిగేటప్పుడు బండి బరువు ఎడమ చక్రాల మీదికి మొగ్గుతుంది. అప్పుడు హోరు పెరిగి, ఎడమవైపు తిరిగినప్పుడు తగ్గితే, అనుమానించవలసింది ఎడమ బేరింగునే. తారు రోడ్డు మీద ఒకలా, సిమెంటు రోడ్డు మీద మరొకలా వినిపిస్తే అది చాలావరకు టైరు శబ్దమే. నేను ముందు టైర్లను వెనక్కి మార్పించి చూసినా హోరు ముందు వైపే ఉండిపోయింది. తరువాత బండిని జాకీతో ఎత్తి, కింద స్టాండు పెట్టి, ఒక చేయి సస్పెన్షన్ స్ప్రింగు మీద ఉంచి మరొక చేత్తో చక్రం తిప్పితే, విసుర్రాయిలో ఇసుక పడినట్టు గరగర వేళ్లకు తెలిసింది.

మొదటిసారి నేను వెళ్లిన షెడ్డులో హైడ్రాలిక్ ప్రెస్సు లేదు. పాత బేరింగును సుత్తితో దించి, కొత్తదాన్ని కూడా సుత్తితోనే ఎక్కించారు. నాలుగు నెలలకే హోరు మళ్లీ మొదలైంది. బేరింగును, దాన్ని పట్టి ఉంచే లోహపు దిమ్మె అయిన నకిల్‌లోకి దించేటప్పుడు ఒత్తిడి బయటి రింగు మీదనే పడాలి, హబ్బును బేరింగులోకి ఎక్కించేటప్పుడు లోపలి రింగుకు కింద ఆసరా ఉండాలి. అలా కాకుండా ఒక రింగు మీద కొట్టిన దెబ్బ గుండ్ల గుండా రెండవ రింగుకు చేరితే, గుండ్లు పరిగెత్తే దారిలో కంటికి కనిపించనంత చిన్న గుంటలు పడతాయి, కొత్త బేరింగు ఆనాడే పాతదైపోతుంది. ఈ ఒక్క విషయం తెలియక నేను రెండు కూలీలు, రెండు బేరింగుల ధర చెల్లించాను. అందుకే, ప్రెస్సు ఉందా అని అడగకుండా బండి అప్పగించవద్దు.

ఇక హబ్బు సంగతి. దాన్ని బయటికి లాగినప్పుడు పాత బేరింగు లోపలి రింగు తరచుగా దానికే అంటుకుని వస్తుంది. ఆ రింగును పుల్లరుతో (పట్టి లాగే పనిముట్టుతో) జాగ్రత్తగా తీసిన తరువాత, హబ్బు మెడ నున్నగా, గీతలు లేకుండా ఉంటే దాన్నే వాడుకోవచ్చు. గాడి పడినా, వేడికి నీలం రంగు తిరిగినా, కొత్త రింగు చేత్తోనే జారిపోయేంత వదులుగా ఉన్నా హబ్బును కూడా మార్చవలసిందే. బేరింగు, హబ్బు కలిసి ఒకే భాగంగా వచ్చే కార్లలో ఈ ప్రశ్నే రాదు. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండికైతే బేరింగు ఒక పక్క సీలులోనే అయస్కాంతపు పట్టీ ఉండవచ్చు. ఆ పక్క, చక్రం వేగాన్ని కొలిచే సెన్సరు వైపుకే రావాలి, తిరగేసి బిగిస్తే హెచ్చరిక దీపం ఆరదు.

యాక్సిల్ నట్టును (ఇరుసు చివర హబ్బును బిగించే నట్టును) కొత్తదే వేయించి, మాన్యువల్‌లో చెప్పినంత టార్కుకు (బిగింపు బలానికి), దాన్ని కొలిచే టార్కు రెంచితోనే బిగించమనండి. నట్టు వదులుగా ఉండగా చక్రాన్ని నేలకు దించి బండిని కదిపితే బేరింగు లోపలే దెబ్బతింటుంది.

సీలు వేసిన ఈ బేరింగులకు గ్రీజు పెట్టే పని ఉండదు. ట్రాక్టరు ముందు చక్రాలకు, పాత జీపులకు మాత్రం బేరింగులను విప్పి, కిరసనాయిలుతో కడిగి, గ్రీజు కొత్తగా నింపి, నట్టు ఊడకుండా ఆపే స్ప్లిట్ పిన్ను మార్చడం తప్పనిసరి. మన కార్లకు పెద్ద శత్రువు నీరు. వానాకాలంలో వంక పారుతుంటే, దూరం నడిచి వేడెక్కిన చక్రాన్ని అందులోకి దించగానే బేరింగు లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోయి, అరిగిన సీలు పక్క నుంచి బురద నీటిని లోపలికి లాక్కుంటుంది.

చక్రాన్ని పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టి ఊపి చూడండి. లూజు తగిలిందంటే అది బేరింగుదైనా, చక్రం వైపు భాగాన్ని సస్పెన్షన్‌తో కలిపే బాల్ జాయింటుదైనా, ఆ బండిని 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కించకుండా మెకానిక్కునే ఇంటికి పిలిపించండి.