నెలకు మిగిలేది రూ.6,600.. కెమెరా ఈఎంఐ రూ.6,750!

ప్రశ్న: నా వయసు 31. విశాఖపట్నంలో ప్రైవేటు ఉద్యోగం. చేతికొచ్చే జీతం రూ.58,000. అద్దె 11,000, ఇంటి ఖర్చులు 24,000, అమ్మానాన్నలకు 8,000, బైక్ ఈఎంఐ 3,400 (ఇంకా 9 నెలలు), సిప్ 5,000. బ్యాంకులో రూ.1,40,000 ఎఫ్‌డీ ఉంది. రెండేళ్ల పాప. ఫొటోగ్రఫీ అంటే పిచ్చి. ఇప్పుడు కెనాన్ 200డి 2, దానితో వచ్చిన 18-55 కిట్ లెన్స్, 50 ఎంఎం ఎఫ్/1.8 వాడుతున్నాను. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సరున్న) కెనాన్ ఆర్8ని 24-50 కిట్ లెన్స్‌తో కలిపి రూ.1,62,000కి ఇస్తామన్నారు, క్రెడిట్ కార్డు మీద 24 నెలల నో-కాస్ట్ ఈఎంఐ. పెళ్లిళ్లు తీసే స్నేహితుడు రెండో కెమెరాగా వస్తే ఈవెంటుకు 3,500 ఇస్తానంటున్నాడు. కీబోర్డు కూడా వాయిస్తాను, 24,000లో కొత్తది చూశాను. ఈఎంఐ పెట్టుకోనా, ఎఫ్‌డీ తీసేయనా?

జవాబు: రెండూ వద్దు. కెమెరా కొనొద్దని కాదు, ఈ దారుల్లో కొనొద్దు.

మీరు రాసిన ఖర్చులన్నీ కూడితే 51,400. మిగిలేది 6,600. ఈఎంఐ 6,750. అంటే మొదటి నెలలోనే 150 తక్కువ. పాపకు జ్వరం వచ్చినా, బైకు టైరు మార్చినా ఆ డబ్బు కార్డు మీదికే వెళ్తుంది. కార్డు బిల్లు పూర్తిగా కట్టని నెలలో వడ్డీ నెలకు మూడున్నర శాతం పైనే పడొచ్చు. అంతేకాదు, ఆ నెల కొన్న కిరాణాకి కూడా వడ్డీ లేని గడువు పోతుంది.

నో-కాస్ట్ అనే మాటనూ విప్పి చూద్దాం. సున్నా వడ్డీ అంటూ ఏదీ ఉండదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు చెప్పింది. జరిగేది ఇది: కార్డు వడ్డీ ఏడాదికి 16 శాతం అనుకుంటే బ్యాంకు మీకు ఇచ్చే అప్పు సుమారు రూ.1,37,860. మిగతా 24,140 వడ్డీ. ఆ వడ్డీకి సమానమైన మొత్తాన్ని డిస్కౌంటుగా చూపిస్తారు కాబట్టి మీకు కనపడదు. కానీ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీ బిల్లులోనే పడుతుంది. 24 నెలల్లో అది దాదాపు 4,345. ప్రాసెసింగ్ ఫీజు వేరు. మొదటి నెలలో వడ్డీ భాగం ఎక్కువ కాబట్టి జీఎస్టీ కూడా ఎక్కువే, 330 వరకూ. అంటే మొదటి వాయిదా 7,080 దాటుతుంది. మధ్యలో కట్టేద్దామంటే చాలా బ్యాంకులు ముందస్తు ముగింపు ఛార్జీ వేస్తాయి. షాపులో ‘ఈఎంఐ వద్దు, యూపీఐలో మొత్తం కడతాను, ఎంతకిస్తారు’ అని ఒక్కసారి అడిగి చూడండి. తగ్గించి చెప్పిన మొత్తమే నో-కాస్ట్ అసలు ఖరీదు.

ఎఫ్‌డీ జోలికి ఎందుకు వెళ్లొద్దంటే, సిప్ ఆపేసినా మీకు నెలకు తప్పని ఖర్చు 46,400. 1,40,000 దానికి సరిగ్గా మూడు నెలలు. ఒక్క జీతం మీద నడిచే ఇంట్లో, చిన్నపిల్ల ఉన్నప్పుడు ఆరు నెలలు ఉండాలి. ఆఫీసు ఇచ్చే ఆరోగ్య బీమా తప్ప సొంత పాలసీ లేకపోతే, టర్మ్ పాలసీ తీసుకోకపోతే కెమెరా కంటే ముందు అవి.

ఇక ఆ కెమెరా సంగతి. డబ్బు లెక్క కన్నా ఇక్కడే మీరు ఎక్కువ నష్టపోయేలా ఉన్నారు. 24-50 కిట్ లెన్స్ 50 ఎంఎం దగ్గర ఎఫ్/6.3 కంటే ఎక్కువ తెరుచుకోదు (ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ లెన్సు ఎక్కువ తెరుచుకుంటుంది). మీ దగ్గరున్న 50 ఎంఎం ఎఫ్/1.8 దానికంటే 12 రెట్లు ఎక్కువ వెలుగు లోపలికి రానిస్తుంది. ఫుల్‌ఫ్రేమ్ సెన్సరు మీ సెన్సరు కంటే వైశాల్యంలో రెండున్నర రెట్లే పెద్దది. అంటే రాత్రి ముహూర్తానికి కల్యాణ మండపంలో కొత్త సెటప్ మీ పాత సెటప్‌కి తీసికట్టు! పాత 50 ఎంఎంని ఆర్8కి తగిలించాలంటే ఈఎఫ్-ఆర్ఎఫ్ అడాప్టర్ (పాత లెన్సును కొత్త కెమెరాకు కలిపే రింగు) కొనాలి, అది మీ 1,62,000లో లేదు. మీ 18-55 అడాప్టర్‌తో ఎక్కుతుంది గానీ క్రాప్‌లో, అంటే సెన్సరు మధ్య భాగం మీదే పనిచేస్తుంది. 24 మెగాపిక్సెళ్లలో తొమ్మిదిన్నరకు మించి మిగలవు. కలిసొచ్చేది ఒక్కటే, మీ ఎల్‌పీ-ఈ17 బ్యాటరీలు ఆర్8కీ సరిపోతాయి.

పెళ్లి పనికైతే ఇంకో మాట. ఆర్8లో మెమరీ కార్డు స్లాటు ఒక్కటే. మాంగల్యధారణ అయ్యాక కార్డు చెడిపోతే మళ్లీ తీయడానికి లేదు. డబ్బు తీసుకుని పెళ్లిళ్లు తీసేవాళ్లు ప్రతి ఫొటో రెండు కార్డుల్లోనూ పడే రెండు స్లాట్ల బాడీ (లెన్సు లేని కెమెరా) కోరేది అందుకే. బాడీలో స్టెబిలైజేషన్ (చేతి వణుకును సర్దే ఏర్పాటు) కూడా లేదు. ఇంట్లో పాపను, భీమిలి దారిలో సూర్యోదయాన్ని తీసుకోవడానికి అది చక్కటి కెమెరా. సంపాదనకు కొంటున్నానని మీకు మీరు చెప్పుకుంటే మాత్రం తప్పు కెమెరాకు రెండేళ్ల అప్పు చేసినట్టు.

కాబట్టి ఏడాది పాటు అద్దె బాడీతో నడపండి. రోజుకు 1,500 అద్దె అనుకుందాం. సొంతంగా కొంటే రెండేళ్లకు 90,000కి అమ్ముడవుతుందనుకున్నా, తరుగుదల 72,000, జీఎస్టీ, ఫీజు కలిపి 4,600, ఏడాదికి బీమా 2,500 అనుకుంటే, సాలుకు 40,800 ఖర్చు. అంటే ఏడాదికి 27 ఈవెంట్లు దాటితేనే సొంత కెమెరా చవక. మీ స్నేహితుడు నిజంగా ఎన్ని పిలుస్తాడో ఒక నోటుపుస్తకంలో రాయండి: తేదీ, వచ్చింది, అద్దె, పెట్రోలు. మూఢం, ఆషాఢం నెలల్లో ఆ పేజీలు ఖాళీగా ఉంటాయి, ఈఎంఐ మాత్రం ఆగదు. రెండో కెమెరాగా వెళ్లినప్పుడు బాడీ అతనే ఇస్తాడేమో కూడా ముందే అడగండి.

ఇప్పుడు ఖర్చు పెట్టాల్సింది ఫ్లాష్ మీద. కల్యాణ మండపంలో తేడా తెచ్చేది అదే, సుమారు పది వేలు. ఒక చిక్కు ఉంది: 200డి 2 హాట్‌షూలో (కెమెరా పైన ఫ్లాష్ తగిలించే చోట) మధ్య పిన్ను కెనాన్ తీసేసింది. అందుకే బయటి కంపెనీల ఫ్లాషులు, ట్రిగ్గర్లు (ఫ్లాష్‌ను దూరం నుంచి వెలిగించే పరికరాలు) చాలా దానిమీద పనిచేయకపోవచ్చు. ఆన్‌లైన్‌లో కొనకండి. కెమెరా షాపుకు తీసుకెళ్లి, తగిలించి, వెలిగాకే డబ్బివ్వండి.

రెండో ఖర్చు వెయ్యిన్నర లోపే. సముద్రం పక్క ఊళ్లో లెన్సుకు ఫంగస్ పడితే అమ్మకం ధర సగానికి సగం పోతుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అరకిలో సిలికా జెల్, చిన్న తేమ మీటరు చాలు. తేమ 40-50 శాతం మధ్య ఉండాలి. నీలం గుళికలు గులాబీకి తిరిగితే ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచితే మళ్లీ పనికొస్తాయి. వంటకు వాడే పళ్లెంలో మాత్రం పెట్టకండి. కెమెరా సంచిలో, బీరువాలో బట్టల మధ్య దాచడం ఫంగస్‌ను పిలిచినట్టే.

కొనుగోలుకు విడిగా రికరింగ్ డిపాజిట్ తెరవండి. నెలకు 4,000 చొప్పున 9 నెలలు, 36,000. బైక్ అప్పు తీరాక ఆ 3,400 కలిపి 7,400 చొప్పున ఏడాది, 88,800. వడ్డీ 6.5 శాతం అనుకుంటే ఇంకో ఆరున్నర వేలు. ఫంగస్ లేని 200డి 2 బాడీకి 25,000 వచ్చినా చేతిలో 1,56,000. ఇదంతా 21 నెలల్లోనే, ఈఎంఐ గడువుకు మూడు నెలల ముందే. అప్పటికి ఆ మోడల్ పాతబడి ధర తగ్గే అవకాశమే ఎక్కువ, రెండు స్లాట్ల బాడీ సెకండ్‌హ్యాండ్‌లో అందినా అందొచ్చు. సెకండ్‌హ్యాండ్ అయితే షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీసిందో) అడగండి, ఫోన్ టార్చి లెన్సు వెనక నుంచి వేసి సాలెగూడు లాంటి పోగులున్నాయేమో చూడండి, జీఎస్టీ నంబరున్న అసలు బిల్లు లేకపోతే వదిలేయండి. బాగా చవగ్గా దొరికే ‘ఇంపోర్టెడ్’ కొత్త బాడీలకు ఇక్కడి వారంటీ రాకపోవచ్చు.

నెలకు ఇంకా మిగిలే 2,600లోంచే ఫ్లాష్, డబ్బా. దానికి పైన వచ్చేవి ఈవెంట్ల డబ్బులు. వాటిలో సగం ఎఫ్‌డీ పక్కన చేర్చి ఆరు నెలల నిధి నింపండి, సగం కీబోర్డుకు. కీబోర్డు సెకండ్‌హ్యాండ్‌లో కొనడానికి కెమెరా కంటే నయం. 61 కీలకూ టచ్ రెస్పాన్స్ (నొక్కిన బలాన్ని బట్టి శబ్దం మారడం) ఉండాలి. ప్రతి కీనీ మెల్లగా నొక్కి చూడండి. మెల్లగా నొక్కినా ఒక కీ గట్టిగా అరిస్తే లోపలి రబ్బరు కాంటాక్టు అరిగినట్టు.

ఈవెంట్ల ఆదాయం చిన్నదే అయినా రిటర్నులో చూపాలి. అది వ్యాపార ఆదాయం కాబట్టి ఐటీఆర్-1 కుదరదు, అంచనా పద్ధతి ఎంచుకుంటే ఐటీఆర్-4, లేకపోతే ఐటీఆర్-3 వేయాలి. అంచనా పద్ధతిలో బ్యాంకు ద్వారా వచ్చినదానిలో 6 శాతం, నగదులో 8 శాతం లాభంగా చూపితే చాలు, కానీ అప్పుడు కెమెరా తరుగుదలను విడిగా తీసుకోవడానికి లేదు. సేవల ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ నమోదు అక్కర్లేదు. మొదటి ఈవెంటుకు వెళ్లే ముందు మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో వేరే పని చేయకూడదన్న షరతు ఉందేమో చదవండి. కెమెరా బీమా తీసుకునేటప్పుడు కూడా డబ్బు తీసుకుని తీస్తానని ఫారంలో రాయండి. గృహ పాలసీలోని పోర్టబుల్ వస్తువుల రక్షణ చాలాసార్లు సొంత వాడకానికే వర్తిస్తుంది. మండపంలో పోయిన కెమెరాకు క్లెయిమ్ తిరస్కరించేది సాధారణంగా ఆ ‘సొంత వాడకం’ షరతు చూపించే.