ఒంటి మీద దద్దుర్లు దాచారని క్యాన్సర్ క్లెయిమ్ కొట్టేశారు

ప్రశ్న: లాయర్ గారూ, మాది గుంటూరు. ఏడాదిన్నర కిందట మా అమ్మకి కనురెప్పలు ఊదా రంగులో వాచి, వేళ్ళ కణుపుల మీద ఎర్రగా గరుగ్గా వస్తే మా వీధి డాక్టర్ ఎలర్జీ అని ఆయింట్‌మెంట్ రాశారు. 4 నెలల తర్వాత హెల్త్ పాలసీ తీసుకున్నాం. ఈమధ్య జడేసుకోడానికి చేతులు లేవట్లేదంటే టెస్టులు చేసి డెర్మటోమయోసైటిస్ (చర్మం మీద దద్దుర్లతో పాటు కండరాలు బలహీనపడే జబ్బు) అన్నారు, స్కాన్‌లో అండాశయ క్యాన్సర్ బయటపడింది. జబ్బు దాచారని కంపెనీ క్లెయిమ్ కొట్టేసింది. మొదటి డాక్టర్ మీద కేసు వెయ్యొచ్చా?

జవాబు: ముందు క్లెయిమ్ సంగతి చూద్దామండి. ఈ చర్మం జబ్బు వచ్చిన పెద్దవాళ్ళలో కొందరికి లోపల క్యాన్సర్ ఉంటుంది, నిజమే, కానీ అది పెద్ద డాక్టర్లకే టెస్టులు చేస్తేగానీ తేలదు, మీ అమ్మగారికి ఎలా తెలుస్తుంది? తెలియనిది చెప్పలేదంటే దాచినట్టు కాదు. రూల్ ప్రకారం పాలసీకి ముందు 36 నెలల్లో డాక్టర్ గుర్తించిన జబ్బో, సలహా గానీ ట్రీట్‌మెంట్ గానీ తీసుకున్న జబ్బో అయితేనే పాత జబ్బు కింద లెక్క. ఆ చీటీలో ఎలర్జీ అనే ఉంది కదా, అదే మీకు బలం.

బలహీనత కూడా చెప్తాను. పాలసీ తీసుకునేటప్పుడు నింపే ప్రపోజల్ ఫారంలో 'ఈమధ్య ఏదైనా ట్రీట్‌మెంట్ తీసుకున్నారా' అని అడిగి ఉంటే, ఏజెంట్ గబగబా 'లేదు' అని టిక్ పెట్టేసి ఉంటే, సంతకం మాత్రం మీదే అవుతుంది. కంపెనీ అక్కడే పట్టుకుంటుంది. అందుకే ఫారం కాపీ ముందు తెప్పించుకోండి. కేస్ షీట్‌లో డ్యూటీ డాక్టర్ '18 నెలల నుంచి ర్యాష్' అని రాసుంటారు, అది మార్పించే ప్రయత్నం మాత్రం చెయ్యకండి, ఉన్న కేసు కూడా పోతుంది. దాని బదులు క్యాన్సర్ ఫలానా తేదీనే మొదట తెలిసిందని ఆంకాలజిస్ట్ (క్యాన్సర్ డాక్టర్) దగ్గర లెటర్ తీసుకోండి.

కంపెనీ గ్రీవెన్స్ సెల్‌కి రాతపూర్వకంగా రాసి, నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, ఏడాదిలోపు హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారి) దగ్గరికి వెళ్ళండి, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు (మా పొట్ట కొట్టే మాటే అనుకోండి). లేదంటే రిజెక్ట్ చేసిన 2 ఏళ్ళలోపు గుంటూరు జిల్లా కన్జ్యూమర్ కమిషన్. ముందే అక్కడ కేసు వేస్తే అంబుడ్స్‌మన్ తీసుకోరు.

ఇక డాక్టర్ మీద కేసు అంటారా, నేనైతే వద్దంటాను. 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు, మామూలు నైపుణ్యం ఉన్న డాక్టర్ చూపే జాగ్రత్త చూపిస్తే చాలు, అంచనా తప్పినంత మాత్రాన నెగ్లిజెన్స్ కాదంది. ఇంత అరుదైన జబ్బుని మొదటిసారి చూసి ఎలర్జీ అనుకోవడం అందులోకే వస్తుంది. తగ్గట్లేదని మళ్ళీ మళ్ళీ వెళ్ళినా స్పెషలిస్ట్‌కి పంపకుండా అదే ఆయింట్‌మెంట్ రాస్తూ పోయుంటే అప్పుడు వేరే కథ, ఎన్నిసార్లు వెళ్ళారో ఆ చీటీలన్నీ తేదీల వారీగా పెట్టుకుని మళ్ళీ రాయండి.