మీ అవ్వ మాట తొమ్మిదో పేజీలో ఎందుకు దాచావు

నాయనా,

నీ వ్యాసం చేరింది. పన్నెండు పేజీలు. మొదటిసారి చదివి కోపంతో పక్కన పెట్టేశాను. రాత్రి భోంచేసి మళ్లీ తీస్తే తొమ్మిదో పేజీలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. ఆ ఒక్క మాట లేకపోతే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు.

ముందు కోపం సంగతి చెప్తాను. ‘పుష్ప’ను జనం అనవసరంగా నెత్తికెత్తుకున్నారని, అల్లు అర్జున్ నటన ఓవర్‌రేటెడ్ అని నీ వాదన. ఆ ఓవర్‌రేటెడ్ అనే మాట పదకొండు చోట్ల ఉంది, పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ లెక్కపెట్టాను. ఆ మాట రాసిన ప్రతిచోటా నువ్వు తెరకు వీపు తిప్పి హాల్లో కూర్చున్నవాళ్ల వైపు చూస్తున్నావు. వాళ్లెందుకు ఈలలు వేశారు, వాళ్లకెందుకు తెలియలేదు, ఇదే గోల. తెర మీద ఆ మనిషి ఏం చేశాడో చెప్పే వాక్యాలు వెతికితే నాలుగు దొరికాయి.

అవార్డు మీదే రెండు పేజీలు పోయాయి. 2023 ఆగస్టులో జాతీయ ఉత్తమ నటుడి అవార్డు ప్రకటించారు, ఒక తెలుగు నటుడికి అది రావడం అదే మొదటిసారి, ఎస్వీ రంగారావు గారికి రానిది ఇతనికి ఎట్లా ఇస్తారు అని నీ బాధ. రంగారావు గారంటే నాకూ ప్రాణమే. ఆయనకు రాకపోతే ఆ తప్పు ఇవ్వనివాళ్లది, ఇతనిది ఎట్లా అవుతుంది? ఆ రెండు పేజీలు తీసెయ్.

ఇక నన్ను బాగా బాధపెట్టిన చోటికి వస్తాను. మద్రాసులో పుట్టి పెరిగిన మనిషి నోట్లో చిత్తూరు యాస అతికించినట్టుంది అన్నావు. నిజమే, కొన్నిచోట్ల అతుకు కనిపిస్తుంది, నేనూ విన్నాను. కానీ ఆ మాట నువ్వు రాసింది ఎట్లాగో చూడు: ‘కథానాయకుని వాచికాభినయం సహజత్వానికి సుదూరంగా పరిణమించినది.’ ఈ వాక్యం ఎవరిది నాయనా? నీది ఉదయగిరి పక్క పల్లె. మీ ఇళ్లలో ఎట్లా మాట్లాడుకుంటారో నాకు తెలుసు, నా పెళ్లయిన కొత్తల్లో రెండేళ్లు అక్కడ ఉద్యోగం చేశాను. నీ పన్నెండు పేజీల్లో ఒక్క ‘ఉండాడు’ లేదు, ఒక్క ‘యాడ’ లేదు, త్వరగా రమ్మని ‘బిన్నా రా’ అంటూ ఎవరూ ఎవరినీ పిలవలేదు. ఇంకొకడి యాస తప్పని తీర్పు చెప్పేటప్పుడు నీ నోటి మాటను గడప అవతలే నిలబెట్టి వచ్చావు. వ్యాసమంతా యాసలో రాయమనడం లేదు, ఈ ఉత్తరం నేనూ అట్లా రాయడం లేదు. ఎవరి నోట పుట్టిన మాట వాళ్ల నోటనే ఉండనివ్వు అంటున్నాను. నలభై ఏళ్లుగా నేను పట్టుకుని వేలాడుతున్నది ఇదొక్కటే. అందరికీ విసుగు పుట్టించేంతగా చెప్పాను, నీకూ చెప్తాను.

మా నాయన పోయిన ఏడాది ఆయన మీద ఒక కథ రాశాను. ఆత్మకూరు పక్క కౌలు సేద్యం ఆయనది. కథలో ఆయన ఎట్లా మాట్లాడేవాడో అట్లాగే మాట్లాడించాను. ఒక వారపత్రిక వేసింది. ఆ రోజుల్లో అచ్చులో పేరు చూసుకోవడమంటే ఏమిటో నీకు చెప్పలేను, బస్టాండులో పుస్తకం కొనుక్కుని, బస్సులో తెరవకుండా ఒళ్లో పెట్టుకుని ఊరికి పోయాను, మా అమ్మ ముందే తెరవాలని. ఆమెకు చదువు రాదు. గట్టిగా చదవడం మొదలుపెట్టాను. మూడో పేరాకల్లా నా గొంతు తడబడింది. నేను ‘ఉండాడు’ అని రాసినచోట ‘ఉన్నాడు’ అని ఉంది, ‘యాడికి పోతావురా’ అన్నది ‘ఎక్కడికి వెళుతున్నావు’ అయింది, మా నాయన రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడుతున్నాడు. మా అమ్మ చివరిదాకా వింది. ‘ఎవురు నాయనా ఈయన? మీ నాయన ఇట్టా మాట్లాడడే’ అంది. లేచి గొడ్లకు మేత వెయ్యడానికి పోయింది.

ఎడిటరుకు ఉత్తరం రాశాను. అన్ని జిల్లాల పాఠకులకూ అర్థం కావాలి కదా అని కార్డు ముక్క వచ్చింది. గోదావరి జిల్లా మాట మాత్రం అందరికీ ఎట్లా అర్థమవుతుందో ఆ కార్డులో లేదు. ఆరేళ్లు ఆ పత్రికకు ఏమీ పంపలేదు. తర్వాత అదే పత్రిక మాండలిక కథల పోటీ పెట్టింది, నన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు, పోలేదు. ఇప్పుడు చూడు, యాస ఫ్యాషనైంది. మామూలు పుస్తకాల తెలుగులో వాక్యం రాసి చివర ఒక ‘అబ్బా’ తగిలిస్తే నెల్లూరైపోయిందనుకుంటున్నారు. నెల్లూరు మాట ఒకటా? సూళ్లూరుపేట పక్క అరవం కలుస్తుంది, ఉదయగిరి మాట కడపకేసి వంగుతుంది, కావలి దాటితే ఒంగోలు గాలి తగులుతుంది. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి పోయింది, కందుకూరు ఇటొచ్చింది, అయినా ఎవరి నాలుకా మారలేదు.

ఇప్పుడు తొమ్మిదో పేజీ. నువ్వు రాసింది రాసినట్టు పెడుతున్నాను. ‘సినిమా అయిపోయినాక మా అవ్వ, వాడు మన పక్కోడు కాదులే నాయనా, అయినా ఆ అన్న వొచ్చి ఇంటిపేరు ఎత్తినప్పుడు నిలబడుండాడు చూడు, అది మాత్రం మనోడే, అన్నది.’ దాని కిందే ఇంకొకటి: ‘గ్రామీణ ప్రేక్షకుల అమాయకత్వం ఇటువంటిది.’

నాయనా, ఆ రెండో వాక్యం నువ్వు రాసి ఉండకూడదు.

మీ అవ్వ నీకంటే ముందే యాసలో అతుకు పట్టేసింది. మొదటి ముక్కలోనే అది చెప్పేసి, నువ్వు చూడనిది కూడా చూసింది. పుష్ప నిశ్చితార్థానికి తండ్రి మొదటి భార్య కొడుకు, ఆ అన్న, వచ్చి వీడికి ఇంటిపేరు చెప్పుకునే హక్కు లేదనే సన్నివేశం మళ్లీ పెట్టుకుని చూడు. దానికంటే ముందు, సినిమా మొదట్లో, యజమాని ముందు కాలు మీద కాలు వేసుకుని కూర్చునేది కూడా చూడు. అందరూ ఆ భుజాన్నీ, గడ్డం కింద చెయ్యి తిప్పడాన్నీ పట్టుకున్నారు, ఊళ్లో పిల్లలు కూడా అదే చేశారు, నువ్వేమో దాన్ని మేనరిజం అని కొట్టిపారేశావు. మా నాయన బస్తాలు మోసేవాడు. బరువు లేనప్పుడు కూడా ఆయన ఒక భుజం ఇంకొకదాని కంటే ఎత్తుగానే ఉండేది, చనిపోయి పడుకోబెట్టినప్పుడు కూడా. అందుకే ఆ నటుడు భుజం ఎత్తి నడుస్తుంటే నాకు స్టైలు కనిపించలేదు, ఎర్రచందనం దుంగలు మోసినవాడి ఒళ్లు కనిపించింది. యజమాని ముందు దించని ఆ ఒళ్లు, తండ్రి పేరు అడిగిన చోట ఏమవుతుంది? ఆ మాటకు వాడి దగ్గర జవాబు లేదు. ఎందుకంటే అవతలివాడు అన్నది అబద్ధం కాదు. మీ అవ్వ ‘నిలబడుండాడు చూడు’ అన్నది దాన్నే అని నా నమ్మకం. మన పల్లెల్లో ఇంటిపేరు ఎంత పని చేస్తుందో, అది లేనివాణ్ణి పెళ్లి పందిట్లో ఎట్లా చూస్తారో ఆమెకు తెలుసు. మాట చిత్తూరుదా, మద్రాసుదా అన్నది ఆ ఘడియలో ఆమెకు అడ్డం రాలేదు.

ఇంకొకటి చెప్తాను, ఇది ఎవరూ కాదనలేనిది. హిందీలో ఆ పాత్రకు గొంతు శ్రేయస్ తల్పడేది. అక్కడ చిత్తూరు లేదు, ‘తగ్గేదే లే’లోని ఆ పొట్టి ‘లే’ లేదు, అర్జున్ గొంతు అసలే లేదు. మరి ఉత్తరాదిన జనం దేన్ని చూసి ఊగిపోయారు? నటన అంతా యాసలోనే ఉందని, యాస పోతే నటన పోయినట్టేనని నువ్వు కట్టిన వాదన ఇక్కడే కూలిపోతుంది. సౌండ్ తీసేసి ఒక అరగంట చూడు. నేను చూశాను, రెండుసార్లు.

సినిమా మొత్తం నాకు నచ్చిందని అనుకోకు. ఆ పోలీసు అధికారి షెకావత్ వచ్చాక చివరి భాగం ఊపిరాడనట్టు పరుగెడుతుంది, అది నువ్వు బాగా పట్టుకున్నావు. కానీ ఉదయగిరి కుర్రాడివి, నువ్వొక్కడివే అడగగలిగింది అడగలేదు. ఆ సినిమాలో అడవి చాలావరకు తూర్పు కనుమల్లో ఎగువన, మారేడుమిల్లి పక్క తీశారు. ఎర్రచందనం అక్కడ పుట్టదు. అది పుట్టేది మన వెలికొండలు, శేషాచలం, లంకమల లాంటి ఎండిన కొండల మీద, రాళ్లలో, ముళ్లపొదల మధ్య. నర్ది కర్రకీ బిక్కి కర్రకీ తేడా చెప్పి గరిటెలు చెక్కే ఊళ్లో పెరిగావే, ఆ తడి పచ్చదనం చూసి నీకు ఏమీ అనిపించలేదా? మన కొండ ఎక్కేవాడి కాలికింద గులకరాయి జారుతుంది, తెర మీద వాడి కాలు బురదలో దిగుతుంది. నువ్వు పట్టుకోవలసిన అబద్ధం అక్కడుంది. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో పోలీసు కాల్పుల్లో తమిళనాడు కూలీలు 20 మంది చనిపోయారు. ఆ దుంగలు మోసే భుజాలు వాళ్లవి. ఒక భుజాన్ని అంత బాగా చూపించిన సినిమా వాళ్లను ఎందుకు గుంపుగానే ఉంచేసిందని అడిగి ఉంటే, నేను నీతో వాదించేవాణ్ణి కాదు, నీ వ్యాసం తీసుకుని నేనే పత్రిక ఆఫీసుల చుట్టూ తిరిగేవాణ్ణి.

కలం పేరు పెట్టుకోనా అని అడిగావు. వద్దు. మీ నాయన పెట్టిన పేరుతోనే రాయి.

వ్యాసాన్ని అవ్వ మాటతో మొదలుపెట్టి మళ్లీ రాయి. ఆమె అన్నది ఒక్క అక్షరం దిద్దకు. నువ్వు ఆమెతో ఒప్పుకోవద్దు, గట్టిగా పోట్లాడు, ఆ నటన గొప్పది కాదని ఆమెకు ఎదురు కూర్చుని చెప్పు, కానీ ఆమెను అమాయకురాలిని చెయ్యకు.

ఇంకో సంగతి. 2024 డిసెంబరులో రెండో భాగం వచ్చింది కదా, అందులో ఆ అన్న మళ్లీ వస్తాడు, ఇంటిపేరు సంగతి చివర్లో తేలుతుంది. మీ అవ్వకు అది చూపించావా? చూపించకపోతే ఈ ఆదివారం పక్కన కూర్చోబెట్టుకుని చూపించు. ఆమె ఏమన్నదో ముందు అది రాసి పంపు, వ్యాసం తర్వాత చూద్దాం.